తాడు లాగి చూడమన్న మా సారు

మా మనవరాలు అన్నం తింటూనే ఎడమచేతి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి ఫోన్లో ప్రోగ్రామ్ మార్చేస్తుంది. "ఆగవే తల్లీ, పాతది దాచావా?" అని నేనడిగితే ఫక్కున నవ్వుతుంది. "ఫోనే కదా తాతయ్యా, తేడా వస్తే ఆపి మళ్ళీ ఆన్ చేస్తాను" అంటుంది. నవ్వనీండి. ఆపి మళ్ళీ ఆన్ చేసుకునే భాగ్యం నా ఉద్యోగంలో నాకు ఏనాడూ దక్కలేదు. కంప్యూటర్లు నేర్చుకుని, నడుస్తున్న యంత్రాల్లో వేలు పెట్టబోతున్న అబ్బాయిలూ అమ్మాయిలూ, ఇది మీకోసం రాస్తున్నాను. ఇందులో గొప్పవాడు నేను కాదు, మా సారు. ఆయన పుణ్యమా అని నాకు ఈ వయసులో మనశ్శాంతి ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది.

మాది విజయనగరం వైపు. నాన్న రైల్వే ఉద్యోగం మీద రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో "ఏటిరా", గడప దాటితే "క్యా రే", అలా రెండు నాలుకలతో పెరిగాను. చదువయ్యాక రాయ్‌పూర్ బయట ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాను. పేరు చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్న రోజులు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే ధాన్యం మిల్లుల పొట్టు వాసన దాటాక సున్నపురాయి దుమ్ము మొదలయ్యేది. ఆ దుమ్ము చొక్కాకి అంటుకుంటే మా ఆవిడ నన్ను నేరుగా బావి దగ్గరకే పంపేది, లోపలికి రానిచ్చేది కాదు.

సిమెంటు ఫ్యాక్టరీకి ప్రాణం భట్టీ. పెద్ద ఇనుప గొట్టం పడుకుని ఉంటుంది, లోపల మంట, అది రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. కాగి ఉన్నప్పుడు ఆగిందా, దాని బరువుకి అదే వంగిపోతుంది. అందుకని మా దగ్గర "ఆపడం" అన్నది బూతుమాట కింద లెక్క. ఫ్యాన్లు, పంపులు, రాయి మోసే బెల్టులు, భట్టీ, అన్నీ ఒక కంప్యూటర్ చెప్పినట్టు నడిచేవి. అందులో ప్రోగ్రామ్ మార్చాలంటే అవన్నీ నడుస్తుండగానే మార్చాలి.

దానికొక ఏర్పాటుండేది. కంప్యూటర్ అంటే ఒకటి కాదు, పక్కపక్కన రెండు పెట్టెలు. ఒకటి పని చేస్తుంటే రెండోది మెలకువగా కూర్చుని చూస్తుంటుంది, మొదటిది కూలబడితే క్షణంలో అందుకుంటుంది. కొత్త ప్రోగ్రామ్‌ని ఖాళీగా ఉన్న పెట్టెలో ఎక్కించి, పని దానికి అప్పజెప్పాలి. చెప్పినంత తేలిక కాదు. అప్పజెప్పే ఆ రెప్పపాటులో ఏ ఫ్యాన్ ఆగుతుందో, ఏ పంపు మొండికేస్తుందో ఎవడికీ తెలీదు.

మా విభాగానికి పెద్ద మా సారు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. వాళ్ళమ్మగారు రాయ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసేవారు. ఆయన మనిషి నిదానం, మాట ఇంకా నిదానం. పదిమందిలో నన్ను గౌరవంగా హిందీలో "ఆప్" అనేవాడు. ఇద్దరమే ఉంటే "ఏరా అబ్బాయ్" అనేవాడు. నాకేమో ముక్కుమీద కోపం. ఆయన టీ కప్పు పట్టుకుని ఊదుకుంటూ ఆలోచిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. "సార్, టీ చల్లారిపోయింది, ఇంకా ఎవర్ని ఊదుతున్నారు?" అనేవాణ్ణి. "నిన్నేరా, నువ్వింకా చల్లారలేదు" అనేవాడు.

ప్రోగ్రామ్ మార్చడంలో ఆయన పద్ధతులు మిగతా ఫ్యాక్టరీల వాళ్ళకి వింతగా ఉండేవి. అందరూ అలాంటి పని ఎవరూ లేని వేళ చూసుకుని చేస్తారు. ఈయన ఎండ ఉండగానే, అందరూ డ్యూటీలో ఉండగానే చెయ్యాలనేవాడు. "తేడా వస్తే పరిగెత్తడానికి మనుషులు కావొద్దట్రా?" అని ఆయన వాదన. ప్రతి పెద్ద ఫ్యాన్ దగ్గరా, పంపు దగ్గరా ఒక మనిషిని నిలబెట్టేవాడు, ఆగితే చేత్తో స్విచ్ వేసి నడపడానికి. చివరిది అన్నిటికన్నా వింత. మార్చిన దాన్ని నడిపి చూపిస్తే ఆయనకి చాలదు, ఆపి కూడా చూపించాలి. "మా అమ్మ రోగికి మందు మార్చాక మంచం వదిలి కదిలేది కాదు. మందు ఎక్కించడం కాదురా, ఎక్కాక మనిషి ఎలా ఉన్నాడో చూడ్డమే డ్యూటీ అనేది" అని చెప్పేవాడు. నాకు అది చాదస్తంగా అనిపించేది. ఆపడం బూతుమాటైన చోట ఈయన నడిచేదాన్ని ఆపమంటాడేటి అని లోలోపల విసుక్కునేవాణ్ణి.

బెల్టుల సంగతి కొంచెం చెప్పాలి. రాయి మోసే బెల్టు పక్కన మొదటి నుంచి చివరిదాకా ఒక తాడు కట్టి ఉంటుంది. ఎక్కడ పట్టుకుని లాగినా బెల్టు ఆగిపోవాలి. అంతకుముందు ఒకసారి ఒకతని మెడలోని గమ్‌ఛా, అదే తువ్వాలు, బెల్టు కింద రోలర్లో చిక్కుకుంది. పక్కవాడు తాడు లాగబట్టి మెడ దక్కింది. ఇవాళయితే ఆ తాడు తీగ నేరుగా మోటారుకే వెళ్తుంది. అప్పట్లో మా దగ్గర కంప్యూటర్ గుండా వెళ్ళేది. తాడు లాగారని కంప్యూటర్‌కి తెలియాలి, తెలిస్తేనే అది మోటార్ని ఆపుతుంది.

ఆ బెల్టుల కింద రాలిన రాయి ఎత్తిపోసే పని ఆడవాళ్ళది, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకామె అన్నిటికన్నా పొడవైన బెల్టు చివర పనిచేసేది. మోకాలి కిందకి లుగడా చీర, చేతిలో పార, గొంతు మాత్రం బెల్టు మోతని మించిపోయేది. అందరూ ఆమెని దాయీ అనేవాళ్ళు, అంటే వాళ్ళ మాటలో అమ్మ. మా సారు ఏకంగా తెలుగులోనే "అమ్మా" అనేవాడు. బెల్టుని తిప్పే డ్రమ్ముకి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఆమె రోజంతా వంగి లేస్తుండేది.

ఆ చలికాలం పైవాళ్ళు కొత్త ప్రోగ్రామ్ వెయ్యమన్నారు. ముందు బెల్టు ఆగితే వెనక బెల్టులు ఆలస్యంగా ఆగి, రాయి గుట్టలు గుట్టలుగా పడిపోతోంది. అది సరిచేసి, బెల్టుల వరుసంతా మళ్ళీ రాయడానికి పూనా నుంచి ఒక ఇంజినీరుని రప్పించారు. కుర్రాడు చురుకైనవాడు, మర్యాదస్తుడు. బీరువాలో దాచిన నకలు ఫ్లాపీని మేము పంపితే, అందులో ఉన్న మా ప్రోగ్రామ్ తీసుకుని, దాని మీద కొత్తది రాసుకొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి గడియారం చూసుకోవడమే, సాయంత్రం రైలుకి వెళ్ళిపోవాలట.

పొద్దున్న మంచు విడిచి ఎండ రాగానే మొదలుపెట్టాం. ఫ్యాన్ల దగ్గరా పంపుల దగ్గరా మనుషులు నిలబడ్డారు. కుర్రాడు రెండో పెట్టెలో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాడు. పాతదానికీ కొత్తదానికీ తేడాలు తెరమీద చూపించాడు. తేడాలు బోలెడున్నాయి. ఉండవా మరి, బెల్టుల వరుసంతా కొత్తగా రాసిందే కదా! మా సారు కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కటీ చూశాడు. నేనూ చూశాను. తేడా కనిపించిన ప్రతి చోటా, ఇది కొత్తగా రాసింది కాబోలు అనుకున్నాం.

"ఇక అప్పజెప్పు" అన్నాడు సారు.

కుర్రాడు మీట నొక్కాడు. మేము కంట్రోల్ రూంలో చెవులు రిక్కించాం. బయటినుంచి ఒకరి తర్వాత ఒకరు కేకలు. "చల్ రహా హై!" "ఇధర్ భీ చల్ రహా హై!" నడుస్తోంది, ఇక్కడా నడుస్తోంది అని. ఒక్క ఫ్యాన్ ఆగలేదు, ఒక్క పంపు మూలగలేదు. భట్టీ తన మానాన తను తిరుగుతోంది. చప్పట్లు కొట్టాం. ప్రొడక్షన్ మేనేజరు జిలేబీ పొట్లం తెప్పించాడు. ఆయన మనిషి చండశాసనుడు. బెల్టు ఆగితే చాలు, ఎవడు ఆపాడో వాడి ముత్తాత దాకా తిట్టిపోసేవాడు. జారిపడ్డ సద్దిడబ్బా తీసుకోవడానికి ఎవరో తాడు లాగితే ఆ రోజంతా ఆయన గొంతు ఫ్యాక్టరీ అంతా వినిపించింది. ఆ రోజు నుంచి ఆడవాళ్ళెవరూ తాడు వైపు చూసేవాళ్ళు కాదు. అలాంటాయన తన చేత్తో నా నోట్లో జిలేబీ పెట్టాడంటే ఎంత సంబరమో మీరే అనుకోండి.

కుర్రాడు బ్యాగు సర్దుతూ, "మొదటి పెట్టెలో కూడా కొత్తది ఎక్కించేస్తాను, రెండూ ఒకటైపోతే నా పని పూర్తి" అన్నాడు.

"వద్దు. అందులో పాతది ఉండనీ" అన్నాడు సారు. "ముందు ఆపి చూద్దాం."

"ఆపడమా?" మేనేజరు చేతిలో జిలేబీ చేతిలోనే ఉండిపోయింది.

"బెల్టు. తాడు లాగి ఆపాలి."

అంతే, గదిలో పండగ కాస్తా పంచాయితీ అయిపోయింది. రాయి పొడిచేసే మిల్లులో రాయి అడుగంటుతోందనీ, ఇప్పుడు బెల్టు ఆపితే మళ్ళీ నిండేదాకా తనకి ప్రాణసంకటమనీ మేనేజరు విరుచుకుపడ్డాడు. "చల్ రహా హై నా? బస్! ఔర్ క్యా చాహియే ఆప్ కో?" అన్నాడు. నడుస్తోంది కదా, ఇంకేం కావాలి మీకు అని. కుర్రాడు నా వైపు జాలిగా చూశాడు. నాకు తలకొట్టేసినట్టుంది. సారు పక్కకి చేరి తెలుగులో గొణిగాను.

"సార్, ఈసారికి వదిలెయ్యండి. అన్నీ నడుస్తున్నాయి కదా."

"నడుస్తున్నాయని నాకూ తెలుసురా. ఆగుతాయో లేదో నీకు తెలుసా?"

"తాడు సంగతి ఎవరూ ముట్టుకోలేదు సార్."

"ముట్టుకోలేదని ఎవరు చెప్పారు?" అని మేనేజరు వైపు తిరిగాడు. "మీ మాల్ తగ్గితే నా పేరు రాసుకోండి. పైవాళ్ళకి నేను జవాబు చెబుతాను. కానీ తాడు లాగందే నేను ఈ పని అయిందనను, ఈ ఇంజినీరుని రైలెక్కనివ్వను."

అరవలేదు, బల్ల గుద్దలేదు. మామూలుగా చెప్పాడు. మేనేజరు జిలేబీ పొట్లంలో పడేసి, "చలో, దేఖ్‌తే హైఁ", పదండి చూద్దాం అని ముందు నడిచాడు. తన మాట నెగ్గుతుందని ఆయన ధీమా.

పొడవైన బెల్టు చివరకి వెళ్ళాం. దాయీ వంగి పారతో రాయి ఎత్తుతోంది. మమ్మల్నందర్నీ చూసి కంగారుగా లేచి నిలబడింది. సారు మోతలో వినబడేలా "అమ్మా, ఆ తాడు లాగు" అని హిందీలో చెప్పాడు. ఆమె మేనేజరు వైపు ఒక చూపు చూసి పార గట్టిగా పట్టుకుంది.

"నై ఖీంచవ్, సాహెబ్ గుసియాహీ!" అంది. లాగను, సాహెబుకి కోపం వస్తుంది అని.

మేనేజరు మొహం అటు తిప్పుకున్నాడు. నేను లాగబోయాను. సారు నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు కాదు. రేపు ప్రాణం మీదకొస్తే లాగాల్సింది ఆమె. ఆమె చేతికి అందుతుందో, ఆమె బలానికి ఆగుతుందో చూడాలి." మళ్ళీ ఆమెని బతిమాలాడు. కోపం వస్తే నా మీద వస్తుందమ్మా, నీ మీద రాదు అన్నాడు. ఆమె పార కింద పెట్టి, చేతులు లుగడాకి తుడుచుకుని, రెండు చేతులతో తాడు పట్టి లాగింది.

బెల్టు ఆగలేదు.

రాయి వస్తూనే ఉంది, డ్రమ్ము తిరుగుతూనే ఉంది. ఆమె తను సరిగా లాగలేదనుకుని ఇంకోసారి లాగింది, ఈసారి ఒళ్ళంతా బలం పెట్టి వెనక్కి వాలింది. తాడు సాగింది, స్విచ్ పడింది, టక్కుమన్న చప్పుడు నాకు వినబడింది కూడా. బెల్టు మాత్రం ఆమెని లెక్కే చెయ్యలేదు. పక్కకి చూస్తే మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేదు. "బంద్ కరో! బంద్ కరో!" అని ఆయనే అరుస్తూ కంట్రోల్ రూం వైపు పరుగెత్తాడు. ఆపమని ఆ మనిషి నోట వినడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

అక్కడ్నుంచి ఆయన బెల్టు ఆపించాక మోత తగ్గింది. సారు అక్కడే రాయి గుట్ట మీద కూర్చుండిపోయాడు. "పొద్దున్నుంచీ ఇక్కడే ఉందిరా" అన్నాడు నాతో. "మనం చప్పట్లు కొట్టుకుంటున్నప్పుడు కూడా ఇక్కడే వంగి ఉంది."

ఏం జరిగిందో తర్వాత తేలింది. ఆ బెల్టుని అంతకుముందు వానాకాలంలోనే పొడిగించారు. పొడిగించిన చోటుకి కొత్త తాడూ, దానికో కొత్త స్విచ్చూ వచ్చాయి. అప్పుడు షిఫ్టులో ఉన్న మా మిత్రుడు, తాడు లేకుండా అక్కడ మనిషిని నిలబెట్టనని పట్టుబట్టి, నడుస్తున్న కంప్యూటర్లోనే ఆ ముక్క రాసేశాడు. మంచి పని చేశాడు. కానీ బీరువాలోని ఫ్లాపీలోకి దాన్ని ఎక్కించాలన్నది ఎవరికీ తట్టలేదు. ఆ మిత్రుడు వేరే ఊరు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మేము పాత ఫ్లాపీనే పూనా పంపాం. కుర్రాడు పాతదాని మీదే చక్కగా, తప్పు లేకుండా కొత్తది రాసుకొచ్చాడు. అతని ప్రోగ్రామ్‌కి ఆ తాడు ఉన్నట్టే తెలియదు. మేము తెరమీద చూసిన బోలెడు తేడాల్లో అదీ ఒకటి. కొత్తగా మార్చింది కాబోలు అని నేనూ సారూ కూడా దాటేశాం.

చూశారా పిల్లలూ! ఎవడూ చెడ్డవాడు కాదు, ఎవడూ బద్ధకస్తుడు కాదు. అందరం పని బాగానే చేశాం. అయినా ఒక మనిషి ప్రాణానికి కట్టిన తాడు తెగిపోయింది, తెగినట్టు పైకి కనబడనైనా లేదు. మా సారు చాదస్తం ఒక్కటే దాన్ని పట్టుకుంది.

మొదటి పెట్టెలో పాత ప్రోగ్రామ్ ఉండబట్టి, పని మళ్ళీ దానికి అప్పజెప్పడం చిటికెలో అయిపోయింది. రెండూ ఒకటి చేసేసి ఉంటే ఆ రోజు మా తల ప్రాణం తోకకొచ్చేది. పాతది నడుస్తుండగా కుర్రాడు రైలు సంగతి మర్చిపోయి కూర్చున్నాడు. ఈసారి ఫ్లాపీని నమ్మలేదు. నడుస్తున్న యంత్రంలోంచే ప్రోగ్రామ్ దింపుకుని, తన కొత్తదాని పక్కన పెట్టి, ప్రతి తేడా దగ్గరా "ఇది నేను రాసింది, ఇది నాది కాదు" అని చెబుతూ వచ్చాడు. తాడు ముక్క దొరికింది. దాన్ని కలిపి, భోజనాలయ్యాక మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాం. మనుషులు ఫ్యాన్ల దగ్గర నిలబడ్డారు, కేకలు వినబడ్డాయి, అన్నీ నడిచాయి. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరం నేరుగా బెల్టు దగ్గరికి నడిచాం.

దాయీ లాగింది. బెల్టు గుర్రుమని మూలిగి ఆగిపోయింది.

అప్పుడు అడిగింది ఆమె, పొద్దున్న ఎందుకు ఆగలేదని. సారు దాచలేదు. మేము కంప్యూటర్లో మార్పు చేశామనీ, దాంతో ఈ తాడు పనిచెయ్యడం మానేసిందనీ, ఆమె లాగేదాకా మాకు తెలియలేదనీ చెప్పాడు. ఆమెకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత అందుకుంది చూడండి! నడుంమీద చెయ్యి పెట్టుకుని, ఛత్తీస్‌గఢీలో, సారుని, నన్ను, పూనా కుర్రాణ్ణి వరసపెట్టి దులిపేసింది. ఇంట్లో నా పిల్లలుండగా నన్నిక్కడ నిలబెట్టి మీరు లోపల మీటలు నొక్కుతారా, నాకొక్క మాట చెప్పలేరా, చెబితే ఆ కాసేపు అవతల నిలబడనా అంది. మా సారుని ఒకరు అలా తిట్టడం అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక "తప్పయిందమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి మా పద్ధతుల్లో ఇంకొకటి చేరింది. ప్రోగ్రామ్ మార్చేముందు బెల్టుల దగ్గర ఉన్నవాళ్ళందరికీ చెప్పి, దూరంగా నిలబెట్టాకే మీట నొక్కేవాళ్ళం. కొన్నాళ్ళకి తాళ్ళన్నిటికీ నేరుగా మోటారుకే తీగ లాగించాడు సారు. దానికోసం పైవాళ్ళతో ఎంత పోట్లాడాడో నాకు తెలుసు.

ఆమె గొంతు విని పక్క బెల్టుల ఆడవాళ్ళంతా పారలు పట్టుకుని వచ్చేశారు. విషయం తెలుసుకుని ఒకామె మా ముందుకొచ్చి, "హమరో రస్సీ ల దేఖ్ లే సాహెబ్" అంది. మా తాడు కూడా చూడు సాహెబ్. వెనకాల ఇంకొకామె, ఆ వెనకాల ఇంకొకామె. అందరిదీ అదే మాట. ఒక్కో బెల్టూ ఆపి చూడాలంటే సాయంత్రం దాకా పడుతుంది. సారు మేనేజరు వైపు చూశాడు. నేనూ చూశాను.

"సబ్ కా దేఖ్ లో" అన్నాడు మేనేజరు. "మాల్ కీ చింతా మైఁ కర్ లూంగా." అందరివీ చూడండి, రాయి సంగతి నేను చూసుకుంటాను అని.

చూశాం. ఎవరి తాడు వాళ్ళే లాగారు, ప్రతి బెల్టూ ఆగింది. మొదట భయంభయంగా పట్టుకున్నవాళ్ళు ఆగిన బెల్టుని చూసి చిన్నపిల్లల్లా కిలకిలమన్నారు. మేనేజరు కంట్రోల్ రూంలో కూర్చుని ఒక్కొక్క బెల్టునీ మళ్ళీ నడిపిస్తూ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు.

షిఫ్టు దిగే వేళకి నేను గేటు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. ఆడవాళ్ళు గుంపుగా వస్తున్నారు. మధ్యలో దాయీ, రెండు కాళ్ళ మీద టకటకా నడుస్తూ, బజారులో టమాటా దొరుకుతుందో లేదోనని పక్కామెతో వాదులాడుతోంది. నన్ను చూడనైనా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. సారు నా పక్కనే ఉన్నాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. "పదరా అబ్బాయ్, వాళ్ళకి దారియ్యి" అన్నాడు. ఇద్దరం పక్కకి తప్పుకున్నాం. ఆమె మా ముందునుంచి ఇంటికెళ్ళిపోయింది.